పట్టు వదిలిన కాలేజీ కుర్రాడు

ఈ రోజు రాజమండ్రి తాలింఖానాలో సూర్యనారాయణ అనే కాలేజీ విద్యార్థి కుస్తీ చూశాను. జమీందారుగారి కొలువులో మల్లుడిగా పనికొస్తాడో లేదో తేల్చమని దివానుగారు నన్ను పిలిపించారు. అతను ఇద్దరిని చిత్తు చేశాడు. మూడోవాణ్ణి పడగొట్టి, గెలిచేవేళ ఉన్నట్టుండి పట్టు వదిలేశాడు.

"బలముంది గానీ తెగింపు లేదండి," అన్నాను. దివానుగారు తల ఊపి పడవెక్కి వెళ్లిపోయారు.

కాసేపటికి సూర్యనారాయణ వచ్చి నమస్కరించాడు.

"ఎందుకు వదిలేశావయ్యా?" అని అడిగాను.

"ఆయన భుజం తొలిగిందండి. ఇంకా నొక్కితే చెయ్యి పోయేదండి."

నేను కూర్చున్న వైపు నుంచి ఆ భుజం కనబడలేదు. పరుగున రేవుకెళ్లాను. పడవ అప్పటికే ధవళేశ్వరం వైపు సాగిపోయింది. ఉత్తరమైతే రాశాను గానీ, దివానుగారు మనసు మార్చుకుంటారన్న ఆశ లేదు.

ముప్పై ఏళ్లు కుస్తీ నేర్పినవాణ్ణి, తీర్పు చెప్పేముందు ఆ ఒక్క ప్రశ్న అడగలేకపోయాను. మీరైతే అడిగేవారా?