తడి ఆకు సాక్ష్యం

ఆ వీధిలో బట్టలు కుట్టే ఆవిడను అందరూ డిటెక్టివ్ వదిన అనేవారు. చిరుగు కుట్టమని పాత చొక్కా ఇస్తే జేబు తడిమి ఆ ఇంటి గుట్టంతా చెప్పేస్తుందని పేరు. అంతటి మనిషికీ కట్టుకున్నవాడి చొక్కా మాత్రం కొరుకుడు పడలేదు.

మొగుడు పొగాకు తోటలో ఆకు కోస్తాడు. కూతురి ఉబ్బసం చూసి భయపడి, నెల కిందట సిగరెట్లు మానేస్తానని ఒట్టేశాడు.

"మళ్ళీ కాల్చావని తెలిసిందా, పిల్లను తీసుకుని మా అన్నయ్య దగ్గరికి పోతా" అంది ఆవిడ.

అనడమైతే అంది, తెలిసేదెలా? పొద్దంతా పొగాకులో తిరిగే మనిషి కాల్చినా అదే కంపు, కాల్చకపోయినా అదే కంపు. పైగా ఒట్టు తీసి గట్టున పెట్టడం అతనికి కొత్త కాదు. రోజూ జేబులు తిరగేసేది, వేళ్ళు వాసన చూసేది.

వాన వెలిసిన ఓ ఉదయం అతను పది గంటలకే ఇల్లు చేరి, గుమ్మంలోనే వాంతి చేసుకున్నాడు. ఒళ్ళంతా చెమటలు.

"అది మాని మందు మొదలెట్టావా?" అంటూ నోరు వాసన చూసింది. ఏమీ లేదు. అయినా నమ్మక ఊరి ఆసుపత్రి నర్సమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

"తడి ఆకు కోశావా నాయనా?" అంది నర్సమ్మ. "ఆకులోని నికోటిన్ ఆ తడిలో కరిగి, చర్మంలోంచి ఒంట్లోకి దిగింది."

"పదేళ్ళుగా కోస్తున్నాడు, ఎప్పుడూ రాలేదే!"

"సిగరెట్లు అలవాటుందా?"

"ఉండేది" అన్నాడతను నీరసంగా.

"అదీ సంగతి. అలవాటున్న ఒళ్ళు చాలావరకు తట్టుకుంటుంది. మానేస్తే ఆ తట్టుకోవడం పోతుంది. ప్లాస్టిక్ కోటు తొడుక్కుని కొయ్యి, తడి తగలదు."

నెలరోజులు నిజం చెప్పిన మనిషిని దొంగలా సోదా చేసినందుకు డిటెక్టివ్ వదినకు సిగ్గేసింది. అతనక్కడ వాంతులతో అల్లాడుతుంటే తనకు సంతోషంగా ఉన్నందుకు ఇంకా సిగ్గేసింది.

సాయంత్రం ప్లాస్టిక్ పట్టా కత్తిరించి కోటు కుట్టడానికి కూర్చుంది. ఒక చెయ్యి కుట్టాక మిషన్ ఆగిపోయింది. ఈ కోటు తొడుక్కుంటే ఇక వాంతులుండవు. వాంతులు లేకపోతే, అతను మళ్ళీ కాల్చినా చెప్పే సాక్షి ఉండదు.

"ఏమే, దారం తెగిందా?" అన్నాడు మంచం మీంచి.

"లేదులే, పడుకో" అని రెండో చెయ్యి అందుకుంది.

తెల్లారి కోటు తొడుక్కుని అతను ఇటు తడిమాడు, అటు తడిమాడు. జేబులు లేవు.