దీవి పాఠంలో నేను వదిలేసిన పేరా

ఇది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసేదాన్నే అయినా అందులో కూడా రాసుకోలేదు. చిత్తూరులో ప్రైవేటుగా బి.ఏ. చదువుతున్నప్పుడు, మా చరిత్ర మాస్టారు కరీముల్లా సారు రాసిచ్చిన నోట్సులో చివరి పేరా కావాలనే వదిలేశాను. దాని చోట నా సొంత వాక్యం ఒకటి పెట్టాను. ఆ వాక్యానికి మాట పడింది ఆయన. నిన్న మా ఆఫీసులో కొత్త టైపిస్టు స్టెన్సిలు మీద తప్పు దిద్దడానికి ఎర్రమందు సీసా మూత తీసింది. గోళ్ళరంగులాంటి ఆ ఘాటు వాసన నా బల్ల దాకా వచ్చింది. చేతిలో ఉన్న ఫైలు మూసేశాను. సారు పోయి ఏడాది దాటింది. ఇప్పుడైనా రాయకపోతే ఇక రాయను.

ఆయన ట్యుటోరియల్ బెల్లం మండీ పక్కన ఒక గోదాము మేడ మీద ఉండేది. కింద బెల్లం దిమ్మెలు, పైన మేము. కందిరీగలు ఒక కిటికీలోంచి వచ్చి, పాఠం కాసేపు విని, ఇంకో కిటికీలోంచి పోయేవి. సారుకు అప్పటికే యాభై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మోచేతుల దాకా మడిచిన తెల్ల చొక్కా, జేబులో అగ్గిపెట్టె. ఆ పెట్టెలో ఉండేవి సుద్దముక్కలు. ప్రపంచ చరిత్రకు తెలుగులో సరైన పుస్తకం మాకు దొరికేది కాదు. ఆయనే ఇంగ్లీషు పుస్తకాలు చదివి, తెలుగులో నోట్సు రాసి, సైక్లోస్టైలు మిషను మీద ప్రతులు తీయించి ఇచ్చేవారు. మాకు ఆ కాగితాలే పుస్తకం. వాటిలో ఉన్నదే జరిగింది, లేనిది జరగలేదు.

నేను చేరిన రెండో వారంలో నా నోటుబుక్కు తీసుకుని పేజీలు తిప్పారు.

"ఈ రాత నీదేనా?"

తలూపాను.

"నోరుండాదా లేదా?"

"నాదే సార్."

"మాట తక్కువైనోళ్ళకు రాత కుదురుతాది. రేపట్నించి అరగంట ముందర రామ్మా. స్టెన్సిలు రాద్దువు."

అట్లా నాకు ఆ పని వచ్చింది. నీలంరంగు మైనపు కాగితం మీద ఇనుప మొన ఉన్న కలంతో రాయాలి. మెల్లగా రాస్తే అక్షరం పడదు, గట్టిగా రాస్తే కాగితం చిరుగుతుంది. తెలుగంతా గుండ్రటి అక్షరాలే కాబట్టి ఇంకో కష్టం ఉంది. సున్నా చుట్టూ పూర్తిగా తెగితే లోపలి బిళ్ళ ఊడిపోయి, అచ్చులో నల్లటి మచ్చ పడుతుంది. సారు నా పక్కన నిలబడి చూపించారు. "కొస కాడికి వచ్చేటప్పటికి చెయ్యి లేపు. వెంట్రుకంత తెరిచిపెట్టు. పూర్తిగా మూసినావంటే ఊడొస్తాది." మూడు స్టెన్సిళ్ళు పాడు చేశాక నాకు పట్టుబడింది. నలుగురిలో నోరు తెరవలేని నాకు, నా రాత నలభై మంది చేతుల్లో తిరగడం లోలోపల ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

మా బ్యాచిలో ముంతాజ్ అనే అమ్మాయి ఉండేది. వాళ్ళ నాన్న రజాక్ సాయిబు బజారువీధిలో రేకు ట్రంకుపెట్టెలు చేసేవాడు. పదో తరగతితో చాలనుకున్న ఆయన, చెప్పేది తమవాడేనన్న ధైర్యంతో ముంతాజ్‌ను మేడ ఎక్కనిచ్చాడు. పరీక్ష సెంటరు తిరుపతిలో. ఆయన వెంటబెట్టుకుని పోతేనే ఆ పిల్ల పరీక్ష రాస్తుంది, లేకపోతే లేదు. ఈ సంగతి సారుకు తెలుసు, నాకూ తెలుసు.

పరీక్షలకు రెండు నెలల ముందు గ్రీసు దగ్గరి క్రీట్ దీవి తిరుగుబాటు పాఠం వచ్చింది. సారు బోర్డు మీద నడుం సన్నబడిన చింతకాయలాంటి ఆకారం ఒకటి అడ్డంగా గీశారు.

"దీవంటే మన పులికాట్‌లో ఉండే మాదిరా సార్?" అని అడిగింది ముంతాజ్.

"దానికంటే శానా పెద్దది. నడిమధ్యన కొండలుండాయి. ఆ కొండల అండ చూసుకోని అక్కడి క్రైస్తవులు టర్కీ సుల్తాను మీద తిరగబడిరి. ఒకసారి కాదు. తాత తిరగబడె, కొడుకు తిరగబడె, మనవడు తిరగబడె."

టర్కీ సుల్తాను ఇచ్చిన మాట తప్పడం, ఊళ్ళు తగలబడడం, కొండల్లోకి పోయిన జనం మళ్ళీ దిగిరావడం అన్నీ చెప్పారు. ఆ తర్వాత యూరపు పెద్ద రాజ్యాలు శాంతి కోసమని యుద్ధనౌకలతో వచ్చాయి. వచ్చి, కొండ మీద జెండా ఎత్తిన తిరుగుబాటుదారుల మీదికే గుళ్ళు పేల్చాయి. చివరకు వాటిలో నాలుగు రాజ్యాలు సుల్తాను సైన్యాన్ని పంపించేసి, దీవిని తలా ఒక భాగం కాపలా పెట్టుకుని, తాము మెచ్చిన రాకుమారుణ్ణి తెచ్చి కూర్చోబెట్టాయి. ప్రమోషన్ కోసం డిగ్రీ చదువుతున్న తాలూకాఫీసు గుమాస్తా గంగిరెడ్డి వెనక బెంచీలోంచి అన్నాడు: "తగువు తీర్చను వచ్చినోడు గట్టు మింద మంచమేసుకోని మడికి కావలి కాసినట్లుండాదే సార్."

"అట్లే రాయప్పా. కాకుంటే పరీక్షలో మడి అనొద్దు, భూభాగం అను," అన్నారు సారు. అందరం నవ్వాం.

ఆ పాఠం నన్ను పట్టుకుంది. డైరీలో పేజీలకు పేజీలు రాశాను. నా ఊహలో ఆ కొండలు మా చంద్రగిరి కొండల్లాగే రాళ్ళు తేలి ఉండేవి, ఆ ఆడవాళ్ళు కొంగులో తూటాలు కట్టుకుని ఎక్కేవాళ్ళు. అప్పటికి నేను ఒంటరిగా బస్సెక్కి తిరుపతికి కూడా పోలేదు.

సారు నోట్సు రాసిచ్చి, పెద్ద కూతురి కాన్పుకని నాయుడుపేటకు బయలుదేరారు. ఎప్పుడూ స్టెన్సిలు చదివి చూశాకే మిషను మీద తిప్పనిచ్చేవారు. ఆ రోజు మాత్రం, "నువ్వు రాసింది నేను సూసేదేముండాదిలే, తిప్పించెయ్," అని చెప్పి పోయారు.

చివరి పేరా దగ్గరికి వచ్చేసరికి స్టెన్సిల్లో కొద్దిగా చోటే మిగిలింది. సారు రాసిన ఆ పేరాలో ఇలా ఉంది: అదే దీవిలో పుట్టి, అదే గ్రీకు భాష మాట్లాడే ముస్లిములు వేలమంది ఉండేవారు. సుల్తాను సైనికులు క్రైస్తవుల ఊళ్ళు తగలబెట్టినట్టే, తిరుగుబాటుదారులు వీళ్ళ ఊళ్ళూ తగలబెట్టారు. వీళ్ళు పడవలెక్కి వెళ్ళిపోయారు. చేరిన చోట చాలామందికి అక్కడి భాష కూడా రాదు.

చోటు లేదని సాకు చెప్పుకోవచ్చు. సొరుగులో ఇంకో స్టెన్సిలు ఉంది. అసలు సంగతి, ఆ పేరా నాకు నచ్చలేదు. నేను మోజుపడ్డ మనుషులు చివర్లో ఇళ్ళు తగలబెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే ఆపి, మిగిలిన చోట్లో నా వాక్యం రాశాను: "ఆ దీవిలో ఇక ఏడ్చే ఇల్లు ఒక్కటీ మిగల్లేదు." చదువుకుంటే ఒళ్ళు జలదరించింది. మిషను తిప్పే మనిషికి ఇచ్చేశాను. సాయంత్రానికి నలభై ప్రతులు పంచేశాం.

సారు తిరిగి వచ్చిన మర్నాడు, క్లాసు మొదలయ్యే ముందు, రజాక్ సాయిబు మెట్లెక్కి వచ్చాడు. నేను కిటికీ పక్క బల్ల దగ్గర స్టెన్సిలు రాస్తున్నాను. ఆయన చేతిలో మడత పెట్టిన నోట్సు ఉంది.

"సార్, ఇది మీరే రాసినారా?"

"ఏమైంది రజాక్ భాయ్, కూసో."

"కూసునేదానికి రాలా. మా తాత ఉర్దూ పేపర్లో చదివి మా అబ్బాకు చెప్పినాడు, మా అబ్బా నాకు చెప్పినాడు. ఆ దీవిలో మనోళ్ళను పడవల్లో ఎక్కించి తరిమినారని. ఏడస్తా పోయినారని. మీరు సూస్తే ఏడ్చే ఇల్లే లేదంటిరి. సుల్తాను తప్పు రాయండి, నేనొద్దన్లా. మనోళ్ళ ఇండ్లు ఇండ్లు కావా? మనోడు చెప్తాడని పాపను పంపిస్తి. మనోడే ఇట్లా రాస్తే, ఇంగ యాడికి పంపేది?"

సారు కాగితం తీసుకుని చివరి పేజీ చదివారు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. నా వైపు చూస్తారేమోనని తల వంచుకుని ఉన్నాను. చూడలేదు.

"తప్పు నాది రజాక్ భాయ్. ఇంకొక పేజీ ఉండాది. అది మీ పాపకు చేరలా. చేరినాక చదివి, అప్పుడు నన్ను తిట్టు."

"చేరినప్పుడు సూస్తాం. అందాక పాప ఇంట్లో ఉంటాది," అని దిగిపోయాడు.

సారు తన చేతిరాత ప్రతి తెచ్చి, కొత్త స్టెన్సిలు తీసి, రెండూ నా ముందు పెట్టారు. "ఇది రాయమ్మా." రాయడం మొదలుపెట్టాను. సున్నాలు ఒకదాని వెనక ఒకటి ఊడిపోయాయి. ఆయన దాన్ని మడిచి చెత్తబుట్టలో వేసి, ఇంకొకటి ఇచ్చారు. అది పూర్తయ్యేదాకా బోర్డు తుడుస్తూ ఉన్నారు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

తర్వాత అన్నారు: "ఆ వాక్యం బాగుండాది."

నాకు ఏడుపు వచ్చింది.

"బాగుండాది కాబట్టే నమ్ముతారు. నువ్వు సూడని ఇంటిని గురించి అంత బాగా రాయగూడదు తల్లీ." ఇంకేమీ అనలేదు. కోపం కూడా లేదు, లేదా నాకు కనబడనివ్వలేదు. అచ్చయిన పేజీ నా చేతికే ఇచ్చి, రజాక్ సాయిబు ఇంటికి నన్నే పొమ్మన్నారు. "నేను పోతే బతిమాలను వచ్చినట్లుంటాది. నువ్వు పో."

ఇంటి ముందు భాగమే అంగడి. రేకు మీద సుత్తి దెబ్బలు. ముంతాజ్ లోపలి తలుపు దగ్గర నిలబడి, పరీక్షలకు ఇంకెన్ని వారాలున్నాయో నాకు వేళ్ళతో చూపించింది. రజాక్ సాయిబు సుత్తి కింద పెట్టి, తెలుగు కూడబలుక్కుంటూ ఆ పేజీ పైకి చదివాడు. 'చేరిన చోట చాలామందికి అక్కడి భాష కూడా రాదు' అన్న చోట ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"ఇది రాసిందెవరు?"

"సారే."

"ముందు ఇచ్చిన కాయితం?"

చెప్పడానికి అదే సమయమని తెలుసు. నాలుగు మాటలు చాలు. ముంతాజ్ చూస్తోంది. నేను నేల చూపులు చూశాను.

"రెండూ ఒక మనిషి రాసినట్లు లేదే," అన్నాడాయన నెమ్మదిగా. "సరే. పరీక్షకు నేనే తీసుకపోతా. అట్లని ఆ మేడ మాత్రం ఇంక ఎక్కనీను. అడిగితే గాని నిజం రాయని మనిషి కాడికి పిల్లను పంపించేదెట్లా?"

ఆ మాట సారుకు చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది. నెల తిరక్కుండానే ఆ వీధినుంచి వచ్చే ఇంకో ఇద్దరు అమ్మాయిలు మానేశారు. శుక్రవారం నమాజు అయ్యాక ఇదివరకు ఆయన చుట్టూ నిలబడి కబుర్లు చెప్పేవాళ్ళు సలాం చేసి పక్కకు పోతున్నారని గంగిరెడ్డి చెప్పాడు. సారు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. నాతో స్టెన్సిళ్ళు రాయించడమూ మానలేదు. పైగా ఆ రోజునుంచి నేను రాసింది చదివి చూడకుండానే తిప్పించేవారు. అంతకంటే పెద్ద శిక్ష నాకు ఇంకొకటి తెలియదు. వారానికి రెండుసార్లు నోట్సు తీసుకుని ముంతాజ్ ఇంటికి పోయి, ట్రంకుపెట్టెల మధ్య కూర్చుని ఇద్దరం చదివేవాళ్ళం. ఆ పిల్ల పాసయింది. పెళ్ళయి ఆంబూరు పోయేముందు నా చేతులు పట్టుకుని, "నువ్వు లేకుంటే నా చదువు అయ్యేదే కాదు సరళా," అంది. దానికీ తల వంచుకున్నాను.

ఇప్పుడు నా ఉద్యోగం ఇతరులు రాసినదాన్ని సాపు రాయడమే. రిపోర్టులు, విచారణలు, అర్జీలు. ఎవరిదైనా మొదలుపెట్టే ముందు చివరి పేరా చదువుతాను. బాగా వచ్చిన వాక్యం కనబడితే, నాదైనా సరే, ఆగి ఇంకోసారి అనుమానంగా చూస్తాను. అది ఆయన పెట్టిన అలవాటు. అలవాటు వచ్చింది గానీ ధైర్యం రాలేదు. బజారువీధిలో నడిచినప్పుడు రేకు మీద సుత్తి చప్పుడు వినబడితే ఇప్పటికీ వీధి అవతలి పక్కకు మారతాను.

సారును చివరిసారి చూసింది పుత్తూరులో. అమ్మ కాలు బెణికితే కట్టు కట్టించడానికి తీసుకుపోయాను. ఆయన అప్పటికే ట్యుటోరియల్ మూసేసి నాయుడుపేటలో కూతురి దగ్గర ఉంటున్నారు. సైకిలు మీదనుంచి పడి కుడి మణికట్టు విరిగిందట. వెదురుబద్దల కట్టుతో, కట్టువైద్యుడి వరండాలో తన వంతు కోసం కూర్చుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. నన్ను చూసి నవ్వారు, ఉద్యోగం సంగతి అడిగారు, అమ్మకు కుర్చీ జరిపారు. ముంతాజ్‌కు ఇద్దరు పిల్లలని చెబితే సంతోషపడ్డారు. లోపల్నుంచి ఆయన పేరు పిలిచారు. లేచి నిలబడ్డారు. ఇక మళ్ళీ చూస్తానో లేదోనని ఎందుకో అనిపించి, ఎన్నేళ్ళుగానో గొంతులో ఉన్నదాన్ని మొదలుపెట్టాను.

"సార్, ఆ దీవి పాఠంలో..."

కట్టు లేని చేత్తో నన్ను ఆపారు.

"నాకెందుకు చెప్తావు తల్లీ. రజాక్ భాయ్ అంగడి యాడుండాదో నీకు తెలుసు గదా."