చెయ్యి తియ్యని తాతయ్య

మా తాతయ్య ఉద్యోగమంతా ఫ్యాక్టరీలో ఇనుము కోసే మిల్లింగ్ మెషీన్ హ్యాండిల్ తిప్పుతూనే గడిచింది. రిటైరయ్యాక మనుషులు హాయిగా కునుకు తీస్తారు. ఈయన బల్ల మీద పట్టే చిన్న మిల్లింగ్ మెషీన్ ఒకటి తెచ్చుకుని, దాన్ని కంప్యూటర్ చేత నడిపిస్తానని భీష్మించాడు. కొత్త మోటార్లు కొనడం ఆయన దృష్టిలో పాపం. చచ్చిన ప్రింటర్ల పొట్టలు కోసి, వాటిలోని బక్క మోటార్లు పీకి బిగించాడు. ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టిన నన్ను కంప్యూటర్ విభాగానికి అధిపతిని చేశాడు. దాన్నిబట్టే ఆ సంస్థ స్థాయి తెలుస్తుంది.

ఈలోగా అమ్మమ్మ కుట్టుమిషన్‌లో, సూది కింద బట్టను ముందుకు జరిపే పళ్ల ముక్క విరిగింది. అది బజారులో దొరకడం ఎప్పుడో మానేసింది. చేత్తో అయితే తాతయ్య ఒక పూటలో కోసి ఇచ్చేవాడు.

"చేత్తోనా? కంప్యూటరే కోస్తుంది," అన్నాడు.

కోసింది. పళ్ల వరుస తాగినవాడి నడకలా వచ్చింది. మళ్లీ కోస్తే మళ్లీ అంతే. కుట్టాల్సిన బట్టలు గుట్ట పడ్డాయి. అమ్మమ్మ తన తమ్ముణ్ణి, మా చిన్నతాతను, పిలిపించింది. ఆయనది పాత ఇనుము వ్యాపారం.

"సాయంత్రంలోగా నా ముక్క రాకపోతే, ఈ మెషీన్ ఎత్తుకుపోరా."

"బావా, విడగొట్టి ఇస్తావా, మొత్తంగా తూచుకోనా?"

"నోరు ముయ్యరా! తప్పంతా మోటార్లది."

"ఆడలేక మద్దెల ఓడన్నారట," అంది అమ్మమ్మ.

ఆఖరి ఇనుప ముక్క బిగించాం. కట్టర్ ఇంకా తగలకముందే నా చూపు తెర మీంచి తాతయ్య మీదకు పోయింది. మోటారు బిగించినా పాత హ్యాండిల్‌ను ఆయన తీసేయలేదు. ముక్క బిగించిన టేబుల్ కదలగానే ఆయన చెయ్యి ఆ హ్యాండిల్ మీదకు పాకింది. చిన్న నెట్టు. ఆ నెట్టుకు బక్క మోటారు పట్టు తప్పి, టేబుల్ పక్కకు జారిపోతుంది. కంప్యూటర్‌కు కళ్లు లేవు కదా, అంతా తను చెప్పినట్టే జరిగిందనుకుంటుంది.

మెషీన్ ఆపేశాను. "చెయ్యి తియ్యి తాతయ్యా!"

"నేనెక్కడ ముట్టుకున్నానే?" అన్నాడు, ముట్టుకుంటూనే.

అమ్మమ్మ చిక్కుపడ్డ దారం తెచ్చి ఆయన రెండు చేతుల్లో పెట్టింది. "ఇది విప్పుతూ కూర్చోండి, ఇంజనీరు గారూ."

మొదటినుంచి మళ్లీ నడిపాను. టేబుల్ జరిగినప్పుడల్లా ఆయన భుజం ఎగిరిపడింది. చేతులు మాత్రం దారంలోనే ఉన్నాయి. పళ్లు తిన్నగా వచ్చాయి. మిషన్‌లో బిగిస్తే గుడ్డ నవ్వుతూ ముందుకు జరిగింది. చిన్నతాత ఉట్టి చేతులతో, ఉట్టి మొహంతో వెళ్లిపోయాడు.

"ముందా హ్యాండిల్ ఊడదీయండి," అంది అమ్మమ్మ.

తాతయ్య స్పానర్ నా చేతికిచ్చి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు.