గట్టు ఫోటో

ఇక చేపల వేటకు వెళ్ళొద్దని డాక్టరు చెప్పిన వారానికి నాన్న మా ఊరు వండూర్ నుంచి బస్సెక్కి, పోర్ట్‌బ్లెయిర్ షాదీపూర్‌లో ఉన్న నా ఫోటో స్టూడియోకి వచ్చాడు.

"మన గట్టు ఫోటో ఒకటి తీసియ్యిరా. సంద్రం ఎలాగూ పోయింది, ఇంట్లో కూకుని సూసుకుంటాను."

గట్టంటే ఒడ్డే కదా, అదెంత పని అనుకున్నాను. ఇసుకలో ఒరిగిన మాను, దాని వెనక దిగిపోయే సూర్యుడు. పోర్ట్‌బ్లెయిర్‌లో కెమెరా ఉన్న ప్రతివాడూ తీసిన ఫోటోయే. నాది మాత్రం అందరికన్నా గొప్పదని నాకు మహా గర్వం. ఫ్రేము కట్టించి మరీ పట్టుకెళ్ళాను. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గట్టేదిరా? ఇదంతా సంద్రమే కదా!"

నాకు ఒళ్ళు మండింది. గట్టు మీద నిలబడి తీసింది గట్టు ఫోటో కాకపోతే మరేమిటి? అలిగి రెండు వారాలు ఇంటికే వెళ్ళలేదు. చివరికి ఆయనే వచ్చి నన్ను తీసుకెళ్ళి డోంగీ ఎక్కించాడు. డాక్టరు వద్దన్నాడు కదా అంటే, "వద్దన్నది వేట, పడవ కాదు" అన్నాడు. బాబాయి తెడ్డు వేశాడు. వేటవాళ్ళ ఇంట పుట్టినా పడవెక్కితే నాకు కడుపులో తిప్పుతుంది. అందుకే ఎప్పుడూ ఒడ్డునే ఉండిపోయాను.

చాలా దూరం పోయి, పొద్దు వాలాక వెనక్కి మళ్ళాం. కెమెరా ఎత్తబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఠైరో! ఆ పొడుగు మాను కొండ నెత్తి మీదకి రానీ. అదొస్తేనే గట్టొచ్చినట్టు."

పడవ జరిగేకొద్దీ మాను కొండ కొసకు సూటిగా వచ్చింది. పచ్చటి కొండ, దాని కింద సన్నటి ఇసుక గీత. పుట్టి పెరిగిన ఊరిని అటునుంచి చూడటం నాకదే మొదటిసారి. సిగ్గేసింది. వాంతి దిగమింగుకుని ఒకే ఒక్కటి తీశాను.

మా ఆడవాళ్ళు వేట పడవ ఎక్కరు. అందుకని ఆ ఫోటో గోడకెక్కిన రోజు అమ్మ కూడా వింతగా చూసింది. ఇసుక గీత మీద ఒక ఎర్ర చుక్క ఉంది. నాన్న దాని మీద వేలు పెట్టి అమ్మకి చూపించాడు.

"ఇది నువ్వే. నీ ఎర్ర కోకే."

"ఓలమ్మో, ఇంత సీమలాగ ఔపడతానా?"

"సీమైతే ఏటి? ముప్పై ఏళ్ళు దాన్ని సూసుకునే గట్టుకి ఒచ్చేను."

"ఇన్నేళ్ళూ ఈ మాట సెప్పలేదేటయ్యా!" అని అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఇద్దరూ పోయారు. ఆ ఫోటో ఇప్పుడు నా గోడ మీద ఉంది. రంగు వెలిసి ఎర్ర చుక్క కనబడటం మానేసింది. ఎవరొచ్చినా అక్కడే వేలు పెట్టి చూపిస్తాను.