అచ్చుకు ముందు

మార్కాపురం నుంచి తర్లుపాడు వెళ్లే బస్సులో పక్క సీటు పెద్దాయన నా ఫోన్‌లోకి తొంగి చూశాడు. ఆయన గోళ్ల నిండా పలకరాయి పొడి. ఫోన్‌లో నా జాబితా ఉంది: పాత అమెరికన్ కార్ల రెజిన్ కిట్లు పదకొండు, ఒక్కోదాని పక్కన సంవత్సరం, స్కేలు, ధర. వాటిలో మొదటిది నేను స్కూల్లో ఉన్నప్పటి నుంచి కోరుకుంటున్నది. దాన్ని ఇక తయారు చేయబోమని ఆ ఉదయమే మెయిల్ వచ్చింది.

“ఏంది నాయనా, కారు కొంటన్నావా?”

“బొమ్మ కారు పెదనాయనా. విడిభాగాలు పంపిస్తారు, మనమే అతికించుకోవాలి. చేసేవాడు ఆపేసినాడు.”

“దేంతో చేస్తాడు?”

“రెజిన్‌తో. జిగురులాగా ఉంటది. అచ్చులో పోస్తే గట్టిపడతది.”

“ఆ అచ్చు దేని మీద తీసినాడు?”

నా జవాబు కోసం ఆగకుండా ఆయనే అన్నాడు. “ముందు ఒకటి చేత్తో చేసింటాడు గదా! మేమూ అంతే. మొదటి పలక కొలిచి కోస్తాం. మిగతావన్నీ దాన్ని పెట్టి గీసుకొని కోస్తాం. ఏం చదివినావు నువ్వు?”

“మెకానికల్ డిప్లొమా.”

“మరింక వాణ్ణి బతిమాలేదేంది?” అని నవ్వి, తన ఊరు రాగానే దిగిపోయాడు.

ఆ వారమే ఒక టేకు ముక్క, ఆకురాయి, వెర్నియర్ ముందేసుకుని కూర్చున్నాను. ఆ కారు వెనక చేప రెక్కల్లాంటివి రెండుంటాయి. మూడుసార్లు చెక్కితే మూడుసార్లూ విరిగాయి. నాలుగోసారి మందం అర మిల్లీమీటరు పెంచాను. కుడిది నిలిచింది. ఇప్పుడు ఎడమది చెక్కుతున్నాను.