జ్ఞానమ్మ టీచరు ఇచ్చిన పుస్తకాలు

నిన్న సాయంత్రం మా వీధి చివర ఎవరో దోమలకు ఎండు వేపాకు పొగ వేశారు. ఆ చేదు వాసన ఇంట్లోకి రాగానే చేతిలో పని ఆగిపోయింది. ఇన్నేళ్లయినా ఆ వాసన నన్ను చిత్తూరులో, నీవా ఏటి పక్కన మేముండిన పెంకుటింటికి లాక్కుపోతుంది. అక్కడ నా బిడ్డ అలివేలు వేపాకుల పక్క మీద పడుకొని ఉంటుంది. ఆ గడపలోనే జ్ఞానమ్మ టీచరు నిలబడి ఉంటుంది. ఆమెను ఎరిగినవాళ్లు ఇప్పుడు దాదాపు ఎవరూ మిగల్లేదు. అందుకే రాస్తున్నాను.

అవి యుద్ధం రోజులు. మా ఆయన బెల్లం మండీలో గుమాస్తా. జ్ఞానమ్మ టీచరు బాలికల బడిలో నాకు ఎనిమిదో తరగతి దాకా తెలుగు చెప్పింది. నాకు పెళ్లయి కాపురానికి వచ్చాక మా వెనక వీధిలోనే ఆమె ఇల్లని తెలిసి సంతోషపడ్డాను. పొట్టి మనిషి, గట్టి గొంతు. చిన్న వయసులోనే భర్త పోతే ఒక్క కొడుకు సామేలును పెట్టుకొని బతికింది. ఇంట్లో మనుషుల కంటే పుస్తకాల పెట్టెలకే ఎక్కువ చోటు. ఎవరింట్లో కష్టమొచ్చినా ఒక పుస్తకం చేతబట్టుకొని పోయేది. ‘నాటువైద్యుడు కషాయం తెచ్చినట్టు తెస్తాది’ అని వీధిలో నవ్వుకునేవాళ్లు.

అలివేలుకు ఏడాది నిండగానే అలిపిరి నుంచి నడిచి కొండెక్కి పుట్టువెంట్రుకలు ఇస్తామని మొక్కుకున్నాం. నిండకముందే అమ్మవారు పోసింది. ఆ ఒళ్లంతా పొక్కులు, కిందా పైనా వేపాకు. పుట్టువెంట్రుకలు తీయకుండానే దాన్ని మట్టిలో పెట్టివచ్చారు. “ఏడవగాకు, అమ్మవారికి కోపమొస్తాది” అంది మా అత్త. ఏడవలేదు. కొన్నాళ్లకు తిండి మీద ధ్యాస పోయింది. తర్వాత మాట కూడా పోయింది.

టీచరు వచ్చి ఒక చిన్న పుస్తకం నా ఒళ్లో పెట్టింది. “భార్య పోయినాయన రాసుకున్నాడు. సదువు మే” అని చెప్పి, నిలబడిన మనిషి నిలబడినట్టే వెళ్లిపోయింది. పుస్తకం తెరిస్తే పురుగు పట్టకుండా పేజీల మధ్య పెట్టిన వేపాకు రాలింది. బిడ్డ పక్క మీది వాసనే అది. పుస్తకాన్ని పెరట్లోకి విసిరేశాను. అత్త దాన్ని ఏరి, తిట్టుకుంటూ తీసుకుపోయి టీచరుకు ఇచ్చి వచ్చింది. ఇక ఆమె మా గడప తొక్కదనుకున్నాను. మరునాడు అదే పుస్తకంతో వచ్చింది.

“ఆకులన్నీ ఏరేసినాను. దులిపి ఎండలో పెట్టినాను. ఇప్పుడు సూడు.”

ఆ ఒక్క పుస్తకమే కాదు, ఇంట్లో ఉన్న ప్రతి పుస్తకంలోనూ ఏరేసిందని తర్వాత సామేలు చెప్పాడు. నేను ఏది అడిగినా వాసన రాకూడదని. ఆ తర్వాత సగం పుస్తకాలు పురుగు తినేసింది. 

ఆ పుస్తకంలో ఒకచోట, భార్య పోయి నెల దాటినా తాను ఇద్దరికి సరిపడా బియ్యం కడుగుతున్నానని ఆయన రాసుకున్నాడు. అక్కడ నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నా గొంతు విని అత్త వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఈసారి ఏడవగాకు అనలేదు. నా పక్కన కూలబడి తనూ ఏడ్చింది.

తర్వాత టీచరు ఇచ్చింది, రాతిలో బొమ్మలు చెక్కే ఒక మనిషి తన పని గురించి చెప్పుకున్నది. “ఇది నాకెందుకు టీచరమ్మా?” అన్నాను. “సేతులు ఊరికే ఉంటే మనసు మనల్నే కొరుక్కు తింటాది. ముగ్గన్నా పెట్టు, నాలుగు మాటలన్నా రాయి. ఏదో ఒకటి సెయ్యి” అంది. ఇంకోసారి, మనిషి దేనికి బతకాలి అని విచారించే లావుపాటి పుస్తకం.

“దీంట్లో జవాబు ఉండాదా?”

“లేదు మే. జవాబు ఉండాదని సెప్పే పుస్తకం నేనియ్యను. ఈయన కూడా మన మాదిరే ఎతుక్కున్నాడు.”

నేను తిండి తిని, మనుషుల్లో పడుతున్న రోజుల్లో సామేలు పటాళంలో చేరి బర్మా వైపు పోయాడు. కొన్ని నెలలకు తంతి వచ్చింది. శవం రాలేదు. పాదిరి వచ్చి ప్రార్థన చేసి పోయాడు. నన్ను కాపాడిన ఆ చిన్న పుస్తకమే తీసుకొని నేను టీచరు దగ్గరికి పోయాను. ఆమె ముట్టుకోలేదు. “తీసకపో. అచ్చరాలు సీమల మాదిరి పాకతా ఉండాయి” అంది. బడికి పోవడం మానేసింది. రోజూ మధ్యాహ్నం గంజి తీసుకుపోయి, ఆమె తాగినా తాగకున్నా పక్కన కూర్చొని చదివి వినిపించేదాన్ని. ఒకరోజు చెయ్యెత్తి ఆపింది.

“ఇన్ని పుస్తకాల్లో నా సామేలు యాడ ఉండాడు?”

 ఇంటికి వచ్చి, నాకు తెలిసిన సామేలు గురించి ఒక పేజీ రాసి మరునాడు వినిపించాను. సామేలు చాలా మంచివాడు, తల్లి మాట జవదాటడు అని మొదలుపెట్టాను. ఆమె కళ్లు తెరిచింది.

“అబద్ధం. కొట్టెయ్. పోవద్దురా అని కాళ్లు పట్టుకున్నా ఇన్నాడా?”

కొట్టేశాను. చర్చిలో అందరూ పాట పాడుతుంటే నవ్వేవాడని, జేబుల నిండా చింతకాయలు కుక్కి చొక్కాలు పాడుచేసేవాడని రాశాను. “చింతకాయలు గాదు, సీమచింతకాయలు. దిద్దు” అంది, బడిలో అన్నట్టే. దిద్దాను. ఆమె ఒక్కసారి నవ్వింది. నవ్వి, గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది. అప్పటి నుంచి రోజూ కొంచెం రాసేదాన్ని, ఆమె దిద్దించేది. ఆ కాసేపు పాత టీచరు లేచి కూర్చున్నట్టుండేది.

కోలుకుంటుందని ఆశపడ్డాను. కోలుకోలేదు. గంజి కూడా వద్దంది. మనిషి ఎముకల గూడయింది. చివరి రోజుల్లో నా చెయ్యి పట్టుకొని అంది: “నీ బిడ్డ పోయినప్పుడు పుస్తకం నీ ఒళ్లో పెట్టి ఇంటికి పోతిని. కూసోవాల్సింది మే.”

“ఆ పుస్తకమే నన్ను నిలబెట్టింది టీచరమ్మా.”

“నిలబెట్టిందేమోలే. అయినా కూసోవాల్సింది.”

వానలు మొదలైనప్పుడు ఆమె పోయింది. సమాధుల తోటలో తవ్విన గొయ్యిలో నీళ్లు ఊరుతుంటే తోడి తోడి శవపెట్టెను దించారు. ఎత్తుకోవడానికి కొడుకు లేడు, బడి పిల్లల నాయనలే భుజాన మోశారు.

ఆ తర్వాత నేను కథలు రాశాను. నాలుగు పుస్తకాలయ్యాయి. దుఃఖంలో ఉన్నవాళ్లకు ఏం చదవమంటారని ఇప్పటికీ అడుగుతుంటారు. నాకు నచ్చినవి కొన్ని ఉన్నాయి, ఇస్తాను. కానీ ఇచ్చి లేచి రాను. మొన్న మా పక్కింటామె కొడుకు జ్వరంతో పోయాడు. పుస్తకం బల్ల మీద పెట్టి ఆమె పక్కన కూర్చున్నాను.   చివరకు ఆమె ఎటో చూస్తూ, “వాడికి పులుసంటే ప్రాణం” అంది.

“ఏం పులుసు?” అని అడిగాను.