సాంచా బట్ట మీద పగడపు ఇసుక

సిరిసిల్ల కొత్త జిల్లా అయిన రెండో ఏడు, జూన్ నెలలో నన్ను జగిత్యాల నుంచి అక్కడి మత్స్యశాఖ కార్యాలయానికి క్షేత్రాధికారిగా బదిలీ చేశారు. చెరువుల్లో చేపపిల్లలను దగ్గరుండి వదిలించడం, మత్స్యకార సంఘాల సభ్యత్వాలు తనిఖీ చేయడం నా పని. కోరుట్లలో మా తాత ఎదుట చెప్పులతో నిలబడినవారు లేరు. నా కాలానికి ఇల్లూ భూమీ పోయాయి. ఎవరి ముందూ తడబడకూడదన్న పద్ధతి మిగిలింది. ఉద్యోగంలో అది నాకు చాలాసార్లు మేలే చేసింది. ఈ ఒక్కసారి చేయలేదు.

ఆ నెలాఖరులో లావణ్య అనే అమ్మాయి కార్యాలయానికి వచ్చింది. ఆమె తండ్రి రాజేశానికి ఎనిమిది సాంచాలున్నాయి; మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. ఆమె అలంకార చేపల దుకాణం పెడతానంటే ఆయన రెండు సాంచాలు విప్పించి ముందుగది ఇచ్చాడు. షరతు ఒక్కటే: దసరాకల్లా సముద్రపు చేప అక్వేరియంలో బతికి తిరగాలి, లేకుంటే సాంచాలు మళ్లీ ఎక్కుతాయి. సలహా చెప్పి రమ్మని జిల్లా అధికారి నన్ను పంపారు. ఉప్పునీటిలో చేపను పెంచిన అనుభవం నాకు లేదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

మొదటి పని అడుగు ఇసుకను ఎంచడం. ఆమె దగ్గర మానేరు ఇసుక, హైదరాబాద్ నుంచి తెప్పించిన పగడపు ఇసుక రెండూ ఉన్నాయి. రెండింటి మీదా నిమ్మరసం పిండించాను. ఏటి ఇసుక ఊరికే తడిసింది. పగడపు ఇసుక బుడగలు కక్కింది. అందులోని సున్నం మెల్లగా కరుగుతూ నీరు పులుపెక్కకుండా కాపాడుతుంది. సముద్రపు చేపకు అది అవసరం. కాబట్టి పగడపు ఇసుకనే ఖాయం చేశాం. అంతవరకు నా సలహా సరైనదే.

కానీ ఆ ఇసుక ఉప్మారవ్వ కన్నా సన్నం. పంపు వేయగానే ఎగిరి ఒక మూలకు చేరింది.

“సారూ, ఇసుక కదలకుంట మధ్యల మన బట్ట పరుద్దామా? మా సాంచా మీద దిగిందే, గట్టిగుంటది,” అంది లావణ్య.

చెరువు గట్లు కోతపడకుండా సంచులు పరిపించిన మనిషిని నేను. పరచవచ్చన్నాను. సగం ఇసుక మీద కొత్త కాటన్ బట్ట పరిచి, పైన మిగతా ఇసుక పోసి, దాని మీద రాళ్లు పేర్చాం.

మూడు వారాలైనా నీళ్లు తేటపడలేదు. రెండుసార్లు నీళ్లు మార్చమన్నాను. పరీక్ష సీసాలో చేపకు విషమైన అమ్మోనియా దిగడం లేదు, పైగా వాసన మొదలైంది. నేను మళ్లీ వెళ్లిన రోజు రాజేశం అక్కడే ఉన్నాడు.

“బర్రె పాలు పోసినట్లున్నయ్ సారూ నీళ్లు. దసరా దాక ఎందుకు బిడ్డా, రేపే సాంచాలు ఎక్కిస్త.”

“జర ఆగు నాయినా, సారు అచ్చిండు గదా.”

ఆయన ఆగలేదు. చెయ్యి ముంచి బట్ట కొస లాగి, వేళ్ల మధ్య నలిపి చూశాడు.

“మెత్తవడ్డది. గంజంత నీళ్లల్లనే కలిసింది. పడుగుకు గంజి పెట్టకుంట బట్టెట్ల దిగుతది? ఉడికియ్యని బట్ట ఏసిన్రు. సాలోల్ల బిడ్డవు, గంజి మరిస్తివా?”

లావణ్య తల దించుకుంది. గంజి తిని సూక్ష్మజీవులు పెరిగాయి, నీరు పాలలా మారింది. కారణం అంత చిన్నది. ఆమెను అనవద్దని, బట్టకు సరే అన్నది నేనని, ఉప్పునీటి తొట్టి ఇంతకు ముందెన్నడూ పెట్టలేదని ఆయనతో చెప్పాను. మా ఇంటివాళ్లు నేతపనివారి ముందు అలాంటి మాట అనగా నేను వినలేదు.

రాజేశం నవ్వాడు.

“గట్లనా! అయితే ఇద్దరు కల్సి నేర్సుకోండ్రి. దసరా మాత్రం మీకోసం ఆగదు.”

తొట్టి మొత్తం ఖాళీ చేశాం. ఈసారి రాళ్లను ముందుగా నేరుగా తొట్టి అడుగు అద్దం మీదే నిలబెట్టాం. ఇసుక కదిలినా, చేప తవ్వినా అవి కూలవు. తర్వాత, ఇడ్లీరవ్వ కన్నా ముతకగా ఉన్న పగడపు ఇసుక తెప్పించి, కడిగిన నీరు తేటగా వచ్చేదాకా కడిగి, రాళ్ల చుట్టూ అంగుళమున్నర మందాన పోశాం. పంపు మూతిని పైకి తిప్పాం. ఇసుక కదలలేదు. అమ్మోనియా, ఆ తర్వాత దాని నుంచి పుట్టే నైట్రైట్ సున్నాకు దిగడానికి ఐదు వారాలు పట్టింది. లావణ్య రోజూ పరీక్షించి గోడ మీద రాసుకుంది.

దసరాకు వారం ముందు నారింజరంగు మీద తెల్ల పట్టీలున్న క్లౌన్ చేపల జంట వచ్చింది. పండుగ దాకా రెండూ మేత తింటూ తిరిగాయి. రాజేశం విప్పిన సాంచాల బిగింపు బోల్టులను నేలలోంచి పీకించి, ఆ గుంతలకు సిమెంటు పూయించాడు. దుకాణం ఇప్పటికీ నడుస్తోంది.

ఈ సంఘటన నాకు రెండు విషయాలు నేర్పింది. నీటిలో వేసే వస్తువు ఎలా తయారైందో, దాన్ని తయారుచేసిన మనిషిని అడిగాకే వేయాలి. చేసి ఎరుగని పనిని ఎరుగనని మొదటి రోజే చెప్పాలి. నేను చెప్పి ఉంటే, లావణ్యకున్న కొద్ది గడువులో మూడు వారాలు మిగిలేవి.